వాయిదా ముందు రోజు సాయంత్రం: లా ఆఫీసులో సైబర్ భద్రత

(న్యాయవాదుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఇలాంటి ప్రసంగాలు మీరంతా ఇదివరకే విని ఉంటారు. అనుమానం వచ్చిన లింకు నొక్కకండి, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి, మూడు నెలలకోసారి మార్చండి. విన్నారు, తలూపారు, మర్నాడు ఆఫీసుకు వెళ్లి పాత పద్ధతిలోనే పని చేసుకున్నారు. అందులో మీ తప్పేం లేదు. ఆ సలహాలన్నీ తీరిగ్గా కూర్చున్న మనిషి కోసం రాసినవి. లాయరు తీరిగ్గా కూర్చునేది ఎప్పుడు?

అందుకే నేను ఏ సలహాకైనా ఒకటే పరీక్ష పెడతాను. రేపు వాయిదా. సాయంత్రం ఆరున్నర అయింది. కౌంటర్ అఫిడవిట్ ఇంకా పూర్తవలేదు. క్లయింటు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. జూనియర్ అనెక్షర్లకు నంబర్లు వేస్తున్నాడు, ప్రింటర్ మొరాయిస్తోంది. ఆ టెన్షన్‌లో కూడా ఆ సలహా నిలబడుతుందా? నిలబడితేనే అది అలవాటు. నిలబడకపోతే దాన్ని మనిషి మీద పెట్టకూడదు, మెషీన్‌కి అప్పగించాలి. ఈరోజు నేను చెప్పేవన్నీ ఈ పరీక్ష దాటినవే.

మనకు హడావుడి ఎప్పుడో దొంగలకు బాగా తెలుసు. ఇంగ్లండ్‌లో దీనికి ‘ఫ్రైడే ఆఫ్టర్‌నూన్ ఫ్రాడ్’ అని పేరే ఉంది. అక్కడ ఇళ్ల కొనుగోళ్లు ఎక్కువగా శుక్రవారం మధ్యాహ్నం పూర్తవుతాయి. పెద్ద మొత్తాలు సొలిసిటర్ల, అంటే అక్కడి లాయర్ల, ఖాతాల గుండా వెళ్లేది అప్పుడే. సరిగ్గా ఆ గంటల్లో దొంగ మెయిల్ వస్తుంది. డబ్బు పోయిందని తెలిసేసరికి బ్యాంకులు మూసేస్తారు, సోమవారం దాకా ఎవరూ దొరకరు.

అసలు లాయరు దగ్గర దొంగకు ఏం పని అని కొందరు అడుగుతారు. 2016 డిసెంబరులో అమెరికాలో ముగ్గురు చైనా పౌరుల మీద కేసు పెట్టారు. అభియోగం ఏమిటంటే, వాళ్లు పెద్ద లా ఫర్మ్‌ల మెయిళ్లలోకి చొరబడి, కంపెనీల విలీనాలు చూసే పార్ట్‌నర్ల ఉత్తరాలు చదివారు. ఏ కంపెనీని ఎవరు కొనబోతున్నారో లోకానికి తెలియకముందే షేర్లు కొని, 40 లక్షల డాలర్లకు పైగా లాభం చేసుకున్నారు. విలీనమయ్యే కంపెనీల గోడలు ఎక్కలేని వాళ్లకు వాటి లాయర్ల కిటికీ తెరిచి కనిపించింది. మన ఫైళ్లలో ఉండేది ఏదీ మనది కాదు. విడాకుల కేసులో మెడికల్ రిపోర్టు, క్రిమినల్ కేసులో సాక్షి అడ్రసు, కంపెనీ కేసులో ఇంకా బయటపడని ఒప్పందం, అన్నీ క్లయింటువే. కాబట్టి ‘నా డేటా, నా రిస్కు, నేను చూసుకుంటాను’ అనే వెసులుబాటు మనకు లేదు. అమెరికన్ బార్ అసోసియేషన్ 2012లోనే తన నమూనా నియమాల వ్యాఖ్యలో ఒక మాట చేర్చింది: టెక్నాలజీ వల్ల వచ్చే లాభాలూ ప్రమాదాలూ తెలుసుకుంటూ ఉండటం కూడా లాయరు సామర్థ్యంలో భాగమే అని. ‘నాకు కంప్యూటర్లు తెలియవండీ’ అనడం ఒకప్పుడు ముచ్చటగా ఉండేది.

ఇప్పుడు ఒక మోసాన్ని కాస్త దగ్గర నుంచి చూద్దాం.

మీకు తెలిసిన ఒక అడ్వొకేట్ నుంచి మెయిల్ వస్తుంది. ‘మీతో ఒక డాక్యుమెంట్ షేర్ చేశాను, చూడండి’ అని. అడ్రసు నిజంగా ఆయనదే, ఎందుకంటే ఆయన మెయిల్ నిన్ననే దొంగల చేతిలో పడింది. నొక్కితే లాగిన్ పేజీ వస్తుంది. రోజూ చూసే పేజీలాగే ఉంటుంది. పాస్‌వర్డ్ కొడతారు. ఏదో ఖాళీ పీడీఎఫ్ తెరుచుకుంటుంది. ‘పాపం, తప్పు ఫైలు పంపినట్టున్నాడు’ అనుకుని మీ పని మీరు చూసుకుంటారు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఏమీ జరగదు. అసలు తంతు అదే. లోపలికి వచ్చినవాడు మీ మెయిల్ మొత్తం తాపీగా చదువుతాడు. సెర్చ్ పెట్టెలో ‘సెటిల్‌మెంట్’ అని కొడతాడు, ‘అకౌంట్ నంబర్’ అని కొడతాడు. ఏ క్లయింటు ఎంత కట్టాలి, ఎప్పుడు కట్టాలి, మీరు ఆయన్ని ఏమని పిలుస్తారు, ఉత్తరం చివర ఏం రాస్తారు, అన్నీ నోట్ చేసుకుంటాడు. తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక చిన్న రూల్ పెడతాడు: ఫలానా క్లయింటు నుంచి వచ్చే మెయిల్ ఇన్‌బాక్స్‌లో పడకూడదు, చదివినట్టు మార్క్ అయ్యి ‘ఆర్ఎస్ఎస్ ఫీడ్స్’ ఫోల్డర్‌కి పోవాలి. అవుట్‌లుక్‌లో ఆ ఫోల్డర్ ఉందనే చాలామందికి తెలియదు. దొంగకు కావాల్సింది కూడా అదే.

డబ్బు కట్టే రోజు ఉదయం మీ మెయిల్ నుంచే, అదే పాత సంభాషణ కిందే, మీ శైలిలోనే క్లయింటుకి ఉత్తరం వెళ్తుంది. ‘మా ఖాతాలో ఆడిట్ జరుగుతోంది, ఈసారికి ఈ నంబరుకు పంపండి’ అని. క్లయింటు తెలివైనవాడే, తిరిగి అడుగుతాడు: ‘సార్, నిజంగా మీరేనా?’ ఆ ప్రశ్న మీ ఇన్‌బాక్స్‌కి రాదు. దొంగ చూసే ఫోల్డర్‌కి వెళ్తుంది. ‘నేనేనండీ, కాస్త తొందరగా పంపండి’ అని జవాబు పోతుంది.

దీనికి ‘అక్షర దోషాలు ఉన్నాయేమో చూడండి’ అనే పాత సలహా ఏం పనికొస్తుంది? భాష మీదే, అడ్రసు మీదే. మరొక చిక్కు ఏమిటంటే, అనుమానం వచ్చి పాస్‌వర్డ్ మార్చినా ఆ రూల్ పోదు. అది సెట్టింగ్స్‌లో అలాగే కూర్చుని ఉంటుంది. ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే మీ మెయిళ్ల కాపీలు బయటికి పోతూనే ఉంటాయి.

కాబట్టి రెండు పనులు. మొదటిది, నెలకోసారి ఆఫీసులో ప్రతి మెయిల్ ఖాతాలో రూల్స్, ఫార్వర్డింగ్, లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా తెరిచి చూడాలి. జీమెయిల్‌లో రూల్స్‌ని ఫిల్టర్లు అంటారు. ఒక్కో ఖాతాకు ఐదు నిమిషాలు పట్టదు. ఎవరు పెట్టారో తెలియని రూల్ కనిపిస్తే ముందు ఫొటో తీసి ఉంచుకోండి, ఆ తర్వాతే తీసేయండి. అది సాక్ష్యం. మీకు వేరే చెప్పాలా?

రెండోది ఇంకా ముఖ్యం. బ్యాంకు వివరాలు మారాయని ఏ దారిలో కబురొచ్చినా, మీకొచ్చినా క్లయింటుకొచ్చినా, ఫోన్ చేసి అడగాలి. ఏ నంబరుకి? ఆ మెయిల్ కింద ఉన్న నంబరుకి కాదు. వకాలత్ తీసుకున్న రోజు ఫైల్‌లో రాసుకున్న నంబరుకి. ఈ మాట క్లయింటుకి మొదటి రోజే కాగితం మీద రాసి ఇవ్వండి: ‘మా బ్యాంకు ఖాతా వివరాలు మెయిల్ ద్వారా ఎప్పుడూ మారవు. మారినట్టు మెయిల్ వస్తే మాకు ఫోన్ చేయండి.’ ఫీజు ఒప్పందంలో రెండు వాక్యాలు పెరుగుతాయి, అంతే.

వీడియో కాల్‌లో ముఖం చూసి నమ్మొచ్చు కదా అంటారా? 2024 మొదట్లో హాంకాంగ్‌లో అరప్ అనే ఇంజినీరింగ్ కంపెనీ ఉద్యోగి ఒకరు వీడియో మీటింగ్‌లో తమ ఫైనాన్స్ పెద్దనూ ఇతర సహోద్యోగులనూ చూసి, వాళ్ల మాట మీద 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపారు. మీటింగ్‌లో ఆ ఉద్యోగి తప్ప మిగతావాళ్లంతా డీప్‌ఫేక్‌లే, అంటే కంప్యూటర్ తయారుచేసిన నకిలీ మనుషులే. ముఖమూ గొంతూ ఇప్పుడు సాక్ష్యం కావు. మనం డయల్ చేసిన నంబరు మాత్రం ఇంకా కొంచెం నయం.

ఇక పాస్‌వర్డ్‌లు. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి, తరచూ మార్చాలి అనే నియమాలన్నీ చాలావరకు 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ అనే అధికారి రాసిన పత్రం నుంచి వచ్చాయి. 2017లో ఆయనే, అందులో చాలా భాగం రాసినందుకు ఇప్పుడు బాధపడుతున్నానని ఒక పత్రికతో అన్నారు. అదే ఏడాది నిస్ట్ కూడా మాట మార్చింది. ఊరికే గడువు పెట్టి మార్పించవద్దు, లీకైందని తెలిస్తేనే మార్చమనండి, గుర్తుల కన్నా పొడవు ముఖ్యం అంది. మూడు నెలలకోసారి మార్చమంటే మనుషులు ఏం చేస్తారో మనకు తెలియదా? చివర ఒకటి ఉన్నచోట రెండు పెడతారు.

నా పరీక్ష ప్రకారం పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకోవడమే మనిషి మీద పెట్టకూడని పని. పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి. దానికి ఒక పొడవాటి వాక్యం తాళంగా పెట్టుకోండి, మిగతావన్నీ అదే తయారు చేస్తుంది, అదే గుర్తుపెట్టుకుంటుంది. ఇంకో లాభం ఉంది. ఇందాకటి నకిలీ లాగిన్ పేజీ మీ కళ్లను మోసం చేసింది కదా, మేనేజర్‌ని మాత్రం మోసం చేయలేదు. అది పేజీ రంగులు చూడదు, అడ్రసు చూస్తుంది. రోజూ దానంతటదే నింపే పాస్‌వర్డ్ ఈరోజు నింపకుండా మొండికేసిందంటే, అక్కడే ఆగిపోవాలి.

(సభలోంచి ప్రశ్న: నా మెయిల్ పాస్‌వర్డ్ మా గుమాస్తాకే తెలుసు, నాకు తెలియదు. పర్వాలేదంటారా? — నవ్వులు)

నవ్వకండి, ఈ హాల్లో చాలామంది సంగతి అదే అయ్యుంటుంది. సార్, మీ గుమాస్తా గారు మంచివారే, ఆయన మీద అనుమానం అక్కర్లేదు. సమస్య ఏమిటంటే, రేపు మీ మెయిల్ నుంచి పోకూడని ఉత్తరం ఏదైనా పోతే, అది పంపింది మీరా, ఆయనా, మూడో మనిషా అని తేల్చే దారే ఉండదు. ఆ ఇబ్బందిలో ఆయన్ని కూడా మీరే పెట్టినట్టవుతుంది. మెయిల్ సర్వీసుల్లో ‘డెలిగేట్’ అని ఒక సౌకర్యం ఉంది. ఆయన తన పాస్‌వర్డ్‌తో తన ఖాతాలోకి వెళ్లి, మీ మెయిల్ చూడొచ్చు, మీ తరఫున రాయొచ్చు. ఆయన సెలవు పెట్టినా, మానేసినా, ఒక్క క్లిక్‌తో ఆ అధికారం తీసేయొచ్చు. మానేసిన జూనియర్ల సంగతీ అంతే. వీడ్కోలు రోజున దండ వేస్తాం, ఫొటోలు దిగుతాం. క్లౌడ్ ఫోల్డర్ యాక్సెస్ తీయడం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

పాస్‌వర్డ్ పోయినా తలుపు తెరుచుకోకుండా ఆపేది రెండో తాళం, అంటే టూ ఫ్యాక్టర్. ఎస్ఎంఎస్‌లో వచ్చే ఓటీపీ అసలు లేనిదాని కన్నా నయం. ఫోన్‌లో అంకెలు చూపించే ఆథెంటికేటర్ యాప్ అంతకన్నా నయం. అయినా ఆ రెండింటిలో వచ్చే అంకెల్నీ నకిలీ పేజీలో మీ చేతే కొట్టించుకోవచ్చు. పాస్‌కీ (పాస్‌వర్డ్‌కి బదులు మీ పరికరంలోనే ఉండే డిజిటల్ తాళంచెవి) గానీ, యూఎస్‌బీ సెక్యూరిటీ కీ గానీ వాడితే ఆ బెడద పోతుంది. అవి అసలు సైటు అడ్రసుకు ముడిపడి ఉంటాయి, నకిలీ సైటు అడిగితే పలకవు. కనీసం మెయిల్‌కి, ఫైళ్లు దాచే క్లౌడ్‌కి, బ్యాంకుకి ఉన్నవాటిలో గట్టిది పెట్టండి. మీరు లాగిన్ అవ్వకుండానే ‘ఇది మీరేనా?’ అని ఫోన్ అడిగితే, విసుగొచ్చి ‘అవును’ నొక్కకండి. ఆ విసుగు కోసమే అర్ధరాత్రి పదే పదే అడిగిస్తారు.

రెండో తాళం లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి లండన్‌లోని టకర్స్ అనే క్రిమినల్ డిఫెన్స్ సొలిసిటర్ల సంస్థ కథ చాలు. 2020 ఆగస్టులో వాళ్ల మీద ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్) దాడి జరిగింది. 9,72,191 ఫైళ్లకు తాళం పడింది. అందులో 24,712 కోర్టు బండిళ్లకు, అంటే కేసు కాగితాల కట్టలకు, సంబంధించినవి. 60 బండిళ్లను దొంగలు డార్క్ వెబ్‌లో, అంటే మామూలు సెర్చ్‌కి దొరకని ఇంటర్నెట్‌లో, పెట్టారు. క్రిమినల్ కేసుల బండిళ్లంటే ఆలోచించండి: బాధితుల వాంగ్మూలాలు, మెడికల్ ఫైళ్లు. బ్రిటన్ సమాచార కమిషనర్ 2022లో 98,000 పౌండ్ల జరిమానా వేశారు. ఆ ఉత్తర్వులో ఎత్తి చూపిన లోపాలు మూడే. బయట నుంచి లాగిన్ అవ్వడానికి రెండో తాళం లేదు. ఒక సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ప్యాచ్, అంటే లోపం సరిదిద్దే అప్‌డేట్, ఐదు నెలల తర్వాత గానీ వేయలేదు. పాత ఫైళ్ల ఆర్కైవ్‌ని ఎన్‌క్రిప్ట్ చేయలేదు, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మార్చలేదు. మూడింటిలో ఏదీ రాకెట్ సైన్స్ కాదు. మూడూ ‘వచ్చే వారం చూద్దాం’ కోవలోవే. అప్‌డేట్లను అందుకే ఆటోమేటిక్‌లో పెట్టమంటాను. ‘తర్వాత గుర్తుచేయి’ అనే బటన్‌ని వాయిదా ముందు రోజు మనం ఎన్నిసార్లు నొక్కుతామో మనకే తెలుసు.

ఇప్పటిదాకా దొంగల సంగతి. దొంగ అవసరమే లేకుండా మనంతట మనమే బయటపెట్టుకునేవి ఇంకా ఉన్నాయి, వాటి గురించి లాయర్లు తగినంతగా భయపడటం లేదని నా అభిప్రాయం.

2019 జనవరిలో అమెరికాలో ట్రంప్ ఎన్నికల ప్రచార మాజీ సారథి పాల్ మానాఫోర్ట్ తరఫు లాయర్లు కోర్టులో ఒక పత్రం దాఖలు చేశారు. బయటికి తెలియకూడని భాగాల మీద నల్ల గీతలు వేశారు. విలేఖరులు ఆ పీడీఎఫ్ తెరిచి, నల్ల భాగాన్ని మౌస్‌తో సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి, వేరే చోట పేస్ట్ చేశారు. కింద ఉన్న మాటలన్నీ చక్కగా వచ్చాయి. ఎన్నికల సర్వే డేటాని ఆయన ఎవరితో పంచుకున్నారన్న సంగతి అలాగే లోకానికి తెలిసింది.

ఇది ఎలా జరుగుతుందంటే, పీడీఎఫ్‌లో అక్షరాలు ఒక పొర, మనం గీసే నల్ల పెట్టె దాని మీద ఇంకో పొర. పెట్టె చూపుని ఆపుతుంది, అక్షరాల్ని తీసేయదు. వర్డ్‌లో నల్ల హైలైట్ వేసి పీడీఎఫ్ చేసినా అంతే. నిజంగా తీసేయాలంటే పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌లో ‘రిడాక్ట్’ అనే ప్రత్యేకమైన పని ఉంటుంది. మార్క్ చేయడంతో ఆగకూడదు, ‘అప్లై’ కూడా నొక్కాలి. చాలామంది మార్క్ దగ్గరే ఆగిపోతారు, చూడ్డానికి అప్పటికే అయిపోయినట్టు ఉంటుంది మరి. ఫైలింగ్‌కి ముందు జూనియర్ చేత ఒక పరీక్ష చేయించండి. ఫైలు తెరిచి, కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ, నోట్‌ప్యాడ్‌లో కంట్రోల్ వీ. దాచాల్సిన పేరు అక్కడ కనిపిస్తే ఫైలింగ్ ఆపండి. సాక్షి పేరుని ఒకసారి సెర్చ్ కూడా చేయండి, ఎందుకంటే స్కాన్ చేసిన కాగితాల వెనక కూడా ఓసీఆర్ అక్షరాల పొర (బొమ్మ చూసి కంప్యూటర్ గుర్తించిన అక్షరాలు) దాగి ఉండొచ్చు. ఏమీ తోచకపోతే పాత పద్ధతే మేలు: ప్రింట్ తీసి, దాచాల్సినచోట కత్తిరించి, మళ్లీ స్కాన్ చేయడం. వికారంగా ఉంటుంది కానీ కింద పొరంటూ ఏమీ మిగలదు.

వర్డ్ ఫైళ్లు అవతలి పక్షానికి పంపేటప్పుడు ట్రాక్ చేంజెస్, కామెంట్లు చూసుకోవాలి. ‘ఇక్కడ మనం ఇంకో పది శాతం దాకా దిగొచ్చు’ అని మీరు జూనియర్‌కి రాసిన కామెంట్ అవతలివాళ్లకు చేరితే ఇక బేరం ఏముంది? వాటిని వెతికి తీసేసే డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టర్ వర్డ్‌లోనే ఉంది, వాడండి.

తప్పు మనిషికి పోయే మెయిల్ ఇంకొకటి. మొదటి మూడక్షరాలు కొట్టగానే మెయిలే పేరు నింపేస్తుంది. అదే పేరుతో ఉన్న అవతలి లాయరుకి మీ వ్యూహమంతా వెళ్లిపోతుంది. జీమెయిల్‌లో ‘అన్‌డూ సెండ్’ గడువుని 30 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. అవుట్‌లుక్‌లో పంపిన మెయిల్‌ని కొన్ని నిమిషాలు ఆపి ఉంచే రూల్ పెట్టుకోవచ్చు. పంపిన మరుక్షణం ‘అయ్యో’ అనుకోవడం మనందరికీ అలవాటే కాబట్టి, ఆ అయ్యోకి కాస్త టైమివ్వండి. అవతలి లాయరుకి రాసే మెయిల్‌లో క్లయింటుని సీసీలో పెట్టకండి. అవతలాయన ‘రిప్లై ఆల్’ కొడితే జవాబు నేరుగా మీ క్లయింటుకి చేరుతుంది. పైగా క్లయింటు కూడా ‘రిప్లై ఆల్’ కొట్టి, మీకొక్కరికే చెప్పాల్సినది ఇద్దరికీ చెప్పేస్తాడు.

లింకు పంపి పంచుకునే ఫోల్డర్ల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. 2022 ఆగస్టులో టెక్సస్‌లో అలెక్స్ జోన్స్ అనే కుట్ర సిద్ధాంతాల వ్యాఖ్యాత మీద పరువునష్టం దావా విచారణ జరుగుతుండగా, ఆయన సొంత లాయర్లే ఆయన ఫోన్ మొత్తం కాపీని అలాంటి లింకుతో పొరపాటున అవతలి పక్షానికి పంపించారని నిండు కోర్టులో బయటపడింది. నాకు ఇందులో గుర్తుండిపోయింది పంపడం కాదు. పొరపాటు జరిగినట్టుందని అవతలి లాయరు చెప్పాక కూడా, జోన్స్ లాయర్లు ఇవి రహస్య పత్రాలని గడువులోగా పద్ధతిగా అడ్డుచెప్పలేదు. సాక్షి బోనులో జోన్స్‌ని అవతలి లాయరు ఆ మెసేజ్‌లతోనే నిలదీశారు. మీ చోట ఇలాంటి వెనక్కి తీసుకునే నియమం ఏముందో, దానికి గడువు ఎంతో ముందే తెలుసుకుని ఉండండి.

ఇంకో చిన్న సంగతి, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. ఈ-ఫైలింగ్‌లో ఫైలు సైజుకి పరిమితి ఉంటుంది. అఫిడవిట్ అంతకన్నా పెద్దగా ఉంది, టైమ్ అయిపోతోంది. జూనియర్ ఏం చేస్తాడు? ‘పీడీఎఫ్ సైజు తగ్గించు’ అని వెతికి, మొదట కనిపించిన ఉచిత సైటులో మీ క్లయింటు అఫిడవిట్‌ని అప్‌లోడ్ చేస్తాడు. ఆ సైటు ఎవరిదో, ఫైలు అక్కడ ఎన్నాళ్లు ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆ కుర్రాడిని తిట్టి లాభం లేదు. సైజు తగ్గించే సాఫ్ట్‌వేర్ ఆఫీసు కంప్యూటర్‌లోనే ముందే పెట్టి ఉంచితే అతను బయటికి వెళ్లడు. ఏఐ చాట్ టూల్స్ సంగతీ ఇంతే. ‘వాడొద్దు’ అంటే దాచుకుని సొంత ఫోన్‌లో వాడతారు. ఏది వాడొచ్చో, అందులో ఏం పెట్టకూడదో చెప్పండి. పేర్లున్న క్లయింటు పత్రాన్ని ఉచిత ఖాతాలో పేస్ట్ చేయకూడదన్నది కనీస నియమం.

క్లయింటు పెన్ డ్రైవ్ తెచ్చి ‘సార్, సాక్ష్యమంతా ఇందులో ఉంది’ అంటాడు. వెంటనే ఆఫీసు కంప్యూటర్‌కి గుచ్చేస్తాం. అందులో వైరస్ ఉండొచ్చన్నది ఒక భయం. లాయరుగా మీకు ఇంకో భయం కూడా ఉండాలి. తెరిచి సేవ్ చేస్తే ఫైలు తేదీలు మారొచ్చు, రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ‘ఈ ఫైలుని మీ ఆఫీసులో మార్చారు కదా’ అంటారు. అసలుదాన్ని ముట్టుకోకుండా కవర్లో సీలు చేసి, నిపుణుడి చేత హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర) సహా కాపీ తీయించి, ఆ కాపీని నెట్‌వర్క్ లేని పాత కంప్యూటర్‌లో చూడండి. ఇక్కడ భద్రతకి కావాల్సిందీ సాక్ష్య చట్టానికి కావాల్సిందీ ఒకటే.

ఫోన్లూ ల్యాప్‌టాప్‌ల గురించి త్వరగా చెప్పేస్తాను. ల్యాప్‌టాప్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, ఆన్‌లో ఉందో లేదో ఈ రాత్రే చూడండి. ఉంటే, పోయిన ల్యాప్‌టాప్ డబ్బు నష్టం మాత్రమే అవుతుంది. రికవరీ కీని మాత్రం ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టకండి. ఫోన్‌లో నాలుగంకెల పిన్ తీసేసి ఆరు దాటించండి. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనిపించకుండా చేయండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిస్తే, ఎప్పుడో ప్రింట్ కోసం జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో తెరిచిన ఖాతా ఇంకా అక్కడే వేలాడుతూ కనిపించవచ్చు. బయటి వైఫై గురించి అందరూ తెగ భయపెడతారు గానీ, ఇప్పుడు దాదాపు సైట్లన్నీ ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తాయి కాబట్టి నాకు అంత భయం లేదు. కోర్టు వరండాలో స్పీకర్ ఆన్ చేసి క్లయింటుతో రాజీ మొత్తం మాట్లాడే సీనియర్లంటేనే నాకు భయం. (నవ్వులు)

బ్యాకప్ దగ్గర కాస్త ఆగాలి. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఉక్రెయిన్‌లో ఒక పన్నుల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా మొదలై ప్రపంచమంతా పాకింది. డీఎల్ఏ పైపర్, ప్రపంచంలోని అతిపెద్ద లా ఫర్మ్‌లలో ఒకటి, అందులో చిక్కుకుంది. ఫోన్లు లేవు, మెయిల్ లేదు. వాషింగ్టన్ ఆఫీసు గుమ్మంలో ఒక బోర్డు పెట్టారు, కంప్యూటర్లు ఆన్ చేయవద్దు, ల్యాప్‌టాప్‌లను డాక్ నుంచి తీసేయండి, ఎవరికీ మినహాయింపు లేదు అని. అదే రోజు షిప్పింగ్ కంపెనీ మేర్స్క్ కూడా దెబ్బతింది. వాళ్ల నెట్‌వర్క్‌కి గుండెకాయ లాంటి డొమైన్ కంట్రోలర్లకు ఎన్నో కాపీలు ఉన్నాయి. అన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయి కాబట్టి అన్నీ కలిసే పోయాయి. ఒక్కటి మిగిలింది, ఘనాలో. దాడి జరిగిన సమయానికి అక్కడ కరెంటు పోయింది, అందుకని ఆ మెషీన్ నెట్‌వర్క్‌లో లేదు. కంపెనీ తిరిగి లేవడానికి అదే ఆధారమైంది.

మీ ఆఫీసులో హార్డ్ డిస్క్ పగలూ రాత్రీ కంప్యూటర్‌కి తగిలించే ఉంటే దాన్ని బ్యాకప్ అనకండి. ర్యాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్ కూడా అంతే, ఇక్కడ చెడితే అక్కడా చెడుతుంది, పాత వెర్షన్లు నిలవ ఉంచే ఏర్పాటు ఉంటే తప్ప. కరెంటు పోయే దాకా ఆగక్కర్లేదు, మనమే ఒక కాపీని తీసి పక్కన పెట్టాలి. రెండు డిస్కులు కొని వారం మార్చి వారం వాడండి. మూడు నెలలకోసారి అందులోంచి ఏదో ఒక పాత ఫైలుని నిజంగా వెనక్కి తెచ్చి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉందన్న సంగతి అవసరం పడ్డ రోజే తెలియడం కన్నా ఘోరం లేదు.

అన్నీ చేశాక కూడా ఏదో ఒక రోజు ఏదో ఒకటి జరుగుతుంది. ఆ రోజు కోసం ఒక కాగితం. కాగితమే, ఫైలు కాదు, ఎందుకంటే ఆ రోజు ఫైలు తెరుచుకోదు. కంప్యూటర్ చూసే మనిషి నంబరు, బ్యాంకు నంబరు, బీమా ఉంటే వాళ్ల నంబరు, సైబర్ పోలీసుల నంబరు, రాబోయే రెండు వారాల వాయిదాల జాబితా. కంప్యూటర్ వింతగా ప్రవర్తిస్తే ముందు కేబుల్ పీకేయాలి, వైఫై ఆపేయాలి, మెషీన్‌ని అలాగే వదిలి ఫోన్ చేయాలి. ఫార్మాట్ చేస్తే సాక్ష్యం పోతుంది. ఇంకొకటి, తప్పు లింకు నొక్కి వచ్చి చెప్పిన జూనియర్‌ని అందరి ముందూ తిట్టకండి. తిట్టారో, వచ్చేసారి రెండు రోజులు దాస్తాడు. మీకు కావాల్సింది ఆ రెండు రోజులే.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ప్రశ్న: ర్యాన్సమ్ కట్టేస్తే ఫైళ్లు వచ్చేస్తాయి కదా, క్లయింట్లకు తెలియకుండా సర్దుకోవచ్చు కదా?)

మేడమ్, ఇది చాలామంది మనసులో ఉన్నదే, మీరు పైకి అడిగారు. 2022 జులైలో బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం, అక్కడి జాతీయ సైబర్ భద్రతా కేంద్రం కలిసి సొలిసిటర్ల సంఘమైన లా సొసైటీకి ఒక ఉత్తరం రాశాయి. దాడికి గురైన క్లయింట్లకు డబ్బు కట్టమని సొలిసిటర్లు సలహా ఇస్తున్నట్టుంది, అలా ఇవ్వకండి, డబ్బు కట్టినంత మాత్రాన డేటాకి రక్షణ కలిగినట్టు మేం లెక్కించం, జరిమానా తగ్గించం అని. 2024 ఫిబ్రవరిలో లాక్‌బిట్ అనే ముఠా సర్వర్లను బ్రిటన్ నేర విచారణ సంస్థ మరికొన్ని దేశాలతో కలిసి స్వాధీనం చేసుకుంది. తెరిచి చూస్తే, డబ్బు కట్టినవాళ్ల డేటా కూడా కొంత అక్కడే ఉంది. చెరిపేస్తామని మాటిచ్చి, చెరపలేదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆ ముఠా ఏదైనా దేశపు ఆంక్షల జాబితాలో ఉంటే, డబ్బు కట్టడమే నేరం కావచ్చు.

కాబట్టి ఆ నిర్ణయం మీరొక్కరే, ఆ రాత్రికి రాత్రే తీసుకోకండి. పోలీసులకు చెప్పండి, ఇలాంటివి చూసిన నిపుణుడిని పిలవండి, ఆ ముఠా వేసే తాళాన్ని ఉచితంగా తీసే టూల్ ఇప్పటికే ఉందేమో ‘నో మోర్ ర్యాన్సమ్’ సైటులో వెతకమనండి. కొన్ని ర్యాన్సమ్‌వేర్లకు ఉంది. ఇక క్లయింట్లకు తెలియకుండా అన్నారు. వాళ్ల కాగితాలు మీ చేతిలోంచి ఒకసారి బయటికి పోయాయి. డబ్బు కట్టినా, కట్టకపోయినా ఆ సంగతి చెబుతూ వాళ్లకు ఉత్తరం మీరు రాయాల్సిందే.